షెడ్డులో చిప్పు, చేతిలో ఫోను

గుడ్డులోంచి బయటపడ్డ పట్టుపురుగు గూడు కట్టే నాటికి సుమారు పదివేల రెట్లు బరువెక్కుతుంది. ఇదంతా ఇరవై అయిదు రోజులు అటూఇటూగా జరిగిపోతుంది. ఆ మధ్యలో నాలుగుసార్లు మేత మానేసి, తల ఎత్తి కదలకుండా ఉండి, పాత చర్మం విడిచి లేస్తుంది. రైతులు దీన్ని జ్వరం అంటారు. రెండో జ్వరం దాకా పురుగుల్ని చాకీ కేంద్రంలో సాకి, ఆ తర్వాత రైతు షెడ్డుకు తెస్తారు. హిందూపురం చుట్టుపక్కల మల్బరీ తోట ఉన్నచోటల్లా పొలం గట్టున ఇలాంటి షెడ్డు ఒకటి కనిపిస్తుంది. గూళ్లు హిందూపురం మార్కెట్టుకు వెళ్తాయి. ఊరి పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. పట్టు గురించి ఇంత పట్టింపు ఉన్న ప్రాంతం రాష్ట్రంలో అరుదు.

చిన్న పురుగుకు 27-28 డిగ్రీల వేడి, నూటికి 85-90 తేమ కావాలి. పెరిగేకొద్దీ రెండూ తగ్గుతూ రావాలి. నాలుగో జ్వరం తర్వాత వచ్చే అయిదో దశకు 24-25 డిగ్రీలు, 70 శాతం తేమ సరిపోతాయి. పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఈ చివరి దశలోనే తింటుంది. పంట నిలబడేదీ, పోయేదీ ఇక్కడే. ఎండాకాలం మధ్యాహ్నం షెడ్డు వేడెక్కితే తట్టల్లో ఆకు వాడిపోతుంది, పురుగు ముట్టదు. వానాకాలం రాత్రి చల్లబడి తేమ ఎక్కువైతే సున్నపుకట్టు రోగం పొంచి ఉంటుంది. అందుకే తడిపిన గోనెపట్టాలు, కూలర్లు, ఫ్యాన్లు, కిటికీలకు తెరలు. గోడకు ఒక థర్మామీటరు తగిలించి ఉంటుంది. దాన్ని చూడటానికి అర్ధరాత్రి ఎవరో ఒకరు లేచి షెడ్డు దాకా నడిచి వెళ్లాలి.

ఆ నడకను తగ్గించే పరికరం ఎలా తయారవుతుందో ఈ అధ్యాయంలో చూద్దాం. షెడ్డులో వేలెడంత బోర్డు, రైతు చేతిలో ఒక యాప్, రెండింటి మధ్య తీగ ఉండదు. ఇంజినీరింగ్ విద్యార్థులు ఏటా వందల సంఖ్యలో చేసే ప్రాజెక్టే ఇది. బల్ల మీద అందరికీ పని చేస్తుంది. షెడ్డులోకి తీసుకెళ్లాక నెల రోజులు నిలిచేది మాత్రం కొన్నే. తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే రైతు మొదట అడిగే ప్రశ్నను గంభీరంగా తీసుకోవాలి: "ఫోను ఇంటికాడ పెట్టొస్తే ఫ్యాను తిరగదేమప్పా?"

ఈ ప్రశ్నకు జవాబు ముందు తేల్చుకున్న తర్వాతే ఒక్క తీగైనా అతకాలి. తిరగాలి. ఫోను ఉన్నా లేకపోయినా, దానిలో చార్జింగ్ ఉన్నా లేకపోయినా, పక్క జిల్లాలో పెళ్లికి వెళ్లినా ఫ్యాను తన వేళకు తిరగాలి. అంటే వేడి చూసి నిర్ణయం తీసుకునేది బోర్డే. ఫోను పని రెండే: జరిగింది చూపడం, రైతు కోరిక చేరవేయడం. నిర్ణయాన్ని యాప్‌లో పెట్టి, బోర్డును ఫోను చెప్పింది చేసే స్విచ్చుగా మార్చిన ప్రాజెక్టులు చాలా కనిపిస్తాయి. రాయడం సులువు కాబట్టి అలా రాస్తారు. కానీ వైర్‌లెస్ బంధం తెగిపోవడం ఎప్పుడో జరిగే ప్రమాదం కాదు. రోజులో ఎక్కువ గంటలు అది తెగే ఉంటుంది. తెగి ఉన్న స్థితినే మామూలు స్థితిగా, కలిసిన కాసేపును అదృష్టంగా భావించి కట్టిన పరికరమే షెడ్డులో నిలుస్తుంది.

బోర్డు సంగతి త్వరగా ముగిద్దాం. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ 2016లో తెచ్చిన ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ ఈ పనికి చాలు. సెకనుకు 24 కోట్ల అడుగులు వేసే రెండు ప్రాసెసర్లు, 520 కిలోబైట్ల మెమరీ, వైఫై, బ్లూటూత్ అన్నీ ఒకే చిప్పులో ఉన్నాయి. బోర్డుతో సహా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దానికి వేడిని, తేమను కొలిచే ఎస్‌హెచ్‌టీ31 లాంటి సెన్సరు, ఫ్యానును వేసి ఆపే ఒక రిలే కలపాలి. సెన్సరును తట్టల ఎత్తులో, కూలర్ గాలి నేరుగా తగలనిచోట పెట్టాలి. కొత్త పంటకు ముందు షెడ్డును ఫార్మలిన్ లాంటి మందులతో శుద్ధి చేస్తారు. ఆ ఆవిరి తేమ సెన్సరును పాడుచేస్తుంది. అందుకని సెన్సరును అతికించకుండా ఊడదీసే కనెక్టరుతో బిగించాలి. శుద్ధి రోజున తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. పట్టు రైతుతో ఒకసారి మాట్లాడితే తెలిసే విషయమే. మాట్లాడకపోతే ఏ సర్క్యూటు బొమ్మలోనూ కనిపించదు.

ఇక గాలిలో సాగే సంభాషణ. ఈ బోర్డులో బ్లూటూత్, వైఫై రెండూ పని చేసేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో. 2005లో వచ్చిన నిబంధనలతో మన దేశంలో ఈ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర లేకుండా పోయింది. ఒక విద్యార్థి ఎవరినీ అడగకుండా రేడియో ప్రసారం చేసే పరికరం కట్టుకోగలగడం వెనుక ఈ చిన్న నిబంధన ఉంది. ఈ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. నీరు దీన్ని బాగా పీల్చుకుంటుంది, రేకు దీన్ని వెనక్కి కొడుతుంది. పట్టుషెడ్డులో ఉండేవన్నీ నీళ్లే: తడి గోనెపట్టాలు, పచ్చి ఆకు, ఆకు తిన్న పురుగులు. పైన తరచూ రేకులే. ఖాళీ షెడ్డులో పరీక్షించి సరేననుకున్న దూరం, అయిదో దశలో తట్టల నిండా మేత పరచిన రోజున తగ్గిపోతుంది. పరీక్ష ఆ రోజున చేయాలి.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎరిక్సన్ సంస్థ ఇంజినీర్లు 1994లో మొదలుపెట్టిన పని బ్లూటూత్‌గా ఎదిగింది. అది నిరంతరం మాట్లాడుకునే పరికరాల కోసం. అప్పుడప్పుడు నాలుగు అంకెలు చెప్పి నిద్రపోయే సెన్సర్లకు అంత హంగామా అక్కరలేదని నోకియా 2006లో వైబ్రీ అనే మరో పద్ధతిని ప్రకటించింది. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0 దాన్ని తనలో కలుపుకుంది. దాన్నే ఇప్పుడు బ్లూటూత్ లో ఎనర్జీ, క్లుప్తంగా బీఎల్‌ఈ అంటున్నాం. కాలేజీ ల్యాబుల్లో ఇంకా ఎక్కువగా కనిపించే హెచ్‌సీ-05 మాడ్యూలు పాత పద్ధతిది. నేర్చుకోవడానికి మంచిదే. ఐఫోనుతో మాత్రం మాట్లాడదు. దాని రహస్య సంఖ్య తయారీలోనే 1234 అని వస్తుంది, చాలామంది మార్చరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా బీఎల్‌ఈతోనే మొదలుపెట్టడం మేలు.

బీఎల్‌ఈ తన పట్టీని నలభై చానళ్లుగా విడగొట్టుకుంది. అందులో మూడు చానళ్లు కేవలం చాటింపు కోసం. ఊళ్లో దండోరా వేసేవాడు ఎవరు విన్నారో చూసుకోకుండా చెప్పాల్సింది చెప్పి ముందుకు పోయినట్టు, బోర్డు ప్రతి సెకనుకో రెండు సెకన్లకో ఈ మూడు చానళ్లలో తన పేరు చెప్పి ఊరుకుంటుంది. ఆ మూడింటి స్థానాలను 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్ దగ్గర ఆలోచించి పెట్టారు. వైఫై ఎక్కువగా వాడే 1, 6, 11 చానళ్ల అంచుల్లోనూ, సందుల్లోనూ అవి ఉన్నాయి. పక్కింటి వైఫై ఎంత గోల చేసినా ఏదో ఒక చాటింపు వినిపిస్తుంది.

ఒక చాటింపులో పట్టేది 31 బైట్లు. తెలుగులో పరికరాలు కట్టేవాళ్లకు ఇక్కడ ఒక లెక్క ఎదురవుతుంది. కంప్యూటర్లు తెలుగును దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో అక్షర చిహ్నానికి మూడు బైట్లు పడతాయి. 'షెడ్డు' అన్న మాటలో ష, ఎత్వం, డ, పొల్లు, డ, కొమ్ము మొత్తం ఆరు చిహ్నాలు, అంటే 18 బైట్లు. దాని ముందు పొడవు, రకం చెప్పడానికి రెండు బైట్లు. పరికరం స్వభావం చెప్పే తప్పనిసరి భాగానికి మూడు. 23 అయిపోయాయి, మిగిలింది ఎనిమిది. సొంతంగా సృష్టించుకున్న సేవకు ఇచ్చే గుర్తింపు సంఖ్య ఒక్కటే 16 బైట్లు, అది పట్టదు. దానికి దారి ఉంది. ఫోను 'ఇంకేమైనా చెప్తావా' అని అడిగితే ఇచ్చే రెండో జవాబులో మరో 31 బైట్లు ఉంటాయి, గుర్తింపు సంఖ్యను అందులో పెట్టొచ్చు. తన షెడ్డు పేరు తెలుగులో కనిపిస్తే ఇంట్లో అమ్మ కూడా యాప్ తెరుస్తుంది. ఆ 18 బైట్లు ఖర్చు పెట్టడం న్యాయమే.

మిగిలిన ఆ ఎనిమిది బైట్లలో ఇంకో పని చేయొచ్చు. వేడికి రెండు బైట్లు, తేమకు రెండు, రకం చెప్పే లాంఛనాలకు నాలుగు. అంటే ఫోను బోర్డుతో కలవకుండానే చాటింపు విని ప్రస్తుత వేడి చూపగలదు. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగూ ఒకేసారి వినగలవు. చూడటం వరకే అయితే ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం. బంధమే లేనప్పుడు తెగే ప్రసక్తే ఉండదు.

ఫ్యాను వేయాలన్నా, పాత రికార్డు తెప్పించుకోవాలన్నా మాత్రం కలవాలి. కలిశాక మాట్లాడే భాషను బీఎల్‌ఈ కొంతవరకు ముందే నిర్ణయించి పెట్టింది. బోర్డు తన దగ్గరున్న సమాచారాన్ని సేవలుగా, ఒక్కో సేవలో కొన్ని అంశాలుగా అమర్చి పెడుతుంది. ప్రతి అంశానికీ ఒక సంఖ్య. ఫోను ఆ సంఖ్య చెప్పి చదువుతుంది, రాస్తుంది, లేదా 'మారినప్పుడు నాకు చెప్పు' అని పేరు నమోదు చేసుకుంటుంది. పరిసరాల వేడిని చెప్పే అంశానికి ప్రపంచమంతా ఒకే సంఖ్య ఉంది: పదహారు మూలంగా గల లెక్కింపులో 2ఏ6ఈ. ఆ అంశంలో వేడిని డిగ్రీలో వందో వంతుల్లో, రెండు బైట్ల పూర్ణాంకంగా రాయాలని కూడా నిర్ణయం అయిపోయింది.

ఒక ఉదాహరణ కాగితం మీద వేసి చూద్దాం. షెడ్డులో 25.37 డిగ్రీలు ఉంది. దశాంశ బిందువు వదిలేస్తే 2537. ఒక బైటులో పట్టే పెద్ద సంఖ్య 255 కాబట్టి దీన్ని 256తో భాగించాలి. భాగఫలం 9, శేషం 233. ఈ రెండు సంఖ్యలే గాలిలోకి వెళ్తాయి. ఏది ముందు? బీఎల్‌ఈ నియమం ప్రకారం చిన్న స్థానం ముందు: 233, తర్వాత 9. యాప్ రాసేవాడు ఈ వరుస తెలియక తిప్పి చదివితే 233ను 256తో గుణించి 9 కలుపుతాడు. 59,657 వస్తుంది. గుర్తు గల సంఖ్యగా చూస్తే అది సున్నాకు కింద 5,879. తెర మీద హిందూపురం షెడ్డులో మైనస్ 58.79 డిగ్రీలు అని కనిపిస్తుంది. ఇలాంటి తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి మంచిదే. భయపడాల్సింది నమ్మదగినట్టు కనిపించే తప్పులకు. బోర్డు రాసేవాడు వందో వంతులు పంపి, యాప్ రాసేవాడు పదో వంతులు అనుకుంటే మాత్రం 253.7 వస్తుంది, అదీ దొరుకుతుంది. కానీ ఒకరు వేడి తర్వాత తేమ అనుకుని, మరొకరు తేమ తర్వాత వేడి అనుకుంటే? షెడ్డులో వేడి 27, తేమ 30 ఉన్న ఎండాకాలపు మధ్యాహ్నం రెండు సంఖ్యలూ ఒకదాని చోట ఒకటి సహజంగానే కనిపిస్తాయి. అందుకే ఇద్దరు మిత్రులు పంచుకుని పని చేస్తున్నా, ఒక్కరే రెండూ రాస్తున్నా, ఏ బైటులో ఏముందో ముందు ఒక పుటలో రాసుకుని గోడకు అంటించుకోవాలి. నిజమైన రూపకల్పన ఆ పుటే. బోర్డు ప్రోగ్రాం, యాప్ ప్రోగ్రాం రెండూ దానికి అమలు మాత్రమే.

యాప్ రాయడానికి ఇప్పుడు చాలా దారులున్నాయి. గూగుల్ 2010లో తెచ్చి, తర్వాత ఎంఐటీకి అప్పగించిన యాప్ ఇన్వెంటర్‌లో రంగురంగుల ముక్కలు అతికించి, బడిపిల్లలు కూడా మొదటి యాప్ చేసేయగలరు. బీఎల్‌ఈకి దానిలో అదనపు భాగం ఒకటి దొరుకుతుంది. రైతు చేతిలో ఏళ్ల తరబడి ఉండాల్సిన యాప్‌ను మాత్రం కోట్లిన్ లాంటి భాషలో రాయడం మంచిది. ఎందుకంటే ఆండ్రాయిడ్‌లో బీఎల్‌ఈకి కొన్ని మొండి లక్షణాలున్నాయి. వాటితో నేరుగా తలపడాల్సి వస్తుంది.

మొదటిది అనుమతులు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి అడగాలి. చుట్టూ వినిపించే చాటింపుల్ని బట్టి మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టవచ్చు కాబట్టి ఆ నియమం. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి వెతకడానికి, కలవడానికి విడివిడిగా అనుమతులు వచ్చాయి. పల్లెల్లో రెండు రకాల ఫోన్లూ ఉంటాయి, యాప్ రెంటికీ సిద్ధంగా ఉండాలి. 'మీరెక్కడున్నారో చెప్పాలా' అని ఫోను అడిగితే రైతు అనుమానపడి వద్దంటాడు, అది సహజం. అడిగే ముందు ఎందుకు అడుగుతున్నామో యాప్ తన మాటల్లో, తెలుగులో చెప్పడం మర్యాద.

రెండోది ఒకసారి ఒకటే పని. చదవమని అడిగి, జవాబు రాకముందే రాయమని అడిగితే ఆండ్రాయిడ్ రెండో కోరికను గుటుక్కున మింగేస్తుంది. ప్రతి కోరికనూ ఒక వరుసలో నిలబెట్టి, ముందుదానికి జవాబు వచ్చాకే తర్వాతది పంపే ఏర్పాటు మనమే రాసుకోవాలి. కొత్తవాళ్లు వారాల తరబడి తలపట్టుకునే '133' అనే తప్పు సంఖ్య వెనుక కారణాలు అనేకం. అది వస్తే బంధాన్ని పూర్తిగా మూసేసి, క్షణం ఆగి, మళ్లీ మొదటి నుంచి కలవడమే చాలాసార్లు మందు. మూడోది, బ్యాటరీ మిగల్చడానికి ఫోను వెనక నడిచే యాప్‌లను చంపేస్తుంది. కాబట్టి 'వేడి పెరిగింది, లేవండి' అనే హెచ్చరికను యాప్ మీద వదలకూడదు. బోర్డుకే ఒక బజరు పెట్టాలి.

ఇప్పుడు నిశ్శబ్దం గురించి. రైతు ఇంట్లోకి వెళ్లాడు, బంధం తెగింది. ఎంతసేపు మాట వినపడకపోతే తెగినట్టు భావించాలో రెండు పరికరాలూ కలిసినప్పుడే ఒప్పందం చేసుకుంటాయి. అది గరిష్ఠంగా 32 సెకన్లు ఉండొచ్చు. ఆ లోగా యాప్‌కు ఏమీ తెలియదు. తెలిశాక కూడా తెర మీద ఆఖరి అంకె అలాగే ఉండిపోతే అది అబద్ధం చెప్తున్నట్టే. మూడు గంటల కిందటి 25.4 డిగ్రీలను చూసి రైతు నిశ్చింతగా పడుకుంటాడు. ప్రతి అంకె పక్కన దాని వయసు ఉండాలి: 'ఇప్పుడే', '4 నిమిషాల కిందట'. పాతబడ్డాక అంకె రంగు వెలిసిపోవాలి. యాప్‌లో ఇంకేమీ లేకపోయినా ఇది ఉండాలి.

నిశ్శబ్దానికి మరో ముఖం ఆజ్ఞల్లో కనిపిస్తుంది. యాప్‌లో ఫ్యాను బొత్తం నొక్కారు. బోర్డు విని ఫ్యాను వేసింది. 'వేశాను' అన్న జవాబు మాత్రం దారిలో పోయింది. యాప్ జవాబు రాలేదని ఆజ్ఞను మళ్లీ పంపింది. ఆ ఆజ్ఞ 'ఉన్న స్థితి మార్చు' అన్నదైతే, తిరుగుతున్న ఫ్యాను ఆగిపోతుంది. 'ఫ్యాను వెయ్యి' అన్నదైతే పదిసార్లు పంపినా నష్టం లేదు. గోడ మీది స్విచ్చును అనుకరిస్తూ మార్చే బొత్తం రాయడం అందరికీ మొదట తోచే పని. గాలిలో మాట్లాడే యంత్రాలకు అది పనికిరాదు. కావలసిన స్థితిని పంపాలి. యాప్‌లో బొత్తం రంగు మారడం కూడా నొక్కినప్పుడు కాదు, బోర్డు నుంచి ఒప్పుకోలు వచ్చినప్పుడు.

నిర్ణయం బోర్డుదే అన్నాం. ఆ నిర్ణయం చాలా చిన్నది. 28 దాటితే ఫ్యాను వేయి, 27 కిందికి వస్తే ఆపు. ఆ ఒక్క డిగ్రీ తేడా లేకపోతే 28 దగ్గర ఫ్యాను నిమిషానికి పదిసార్లు వేసి ఆగి, రిలే కాలిపోతుంది. హద్దులు యాప్‌లోంచి మార్చుకోవచ్చు. జ్వరం తర్వాత జ్వరం హద్దులు కిందికి జరుగుతాయి కదా. మార్చిన హద్దును బోర్డు తన ఫ్లాష్ మెమరీలో రాసుకోవాలి, కరెంటు పోయి వచ్చినా మర్చిపోకూడదు. కరెంటు పోతే బోర్డు మరచిపోయేది ఇంకొకటుంది: టైము. ఈ బోర్డులో విడిగా బ్యాటరీ ఉన్న గడియారం ఉండదు. ఫోనుకు టైము ఎప్పుడూ తెలుసు. కాబట్టి కలిసిన ప్రతిసారీ యాప్ చేయాల్సిన మొదటి పని టైము చెప్పడం.

టైము తెలిసిన బోర్డు చరిత్ర రాయగలదు. పది నిమిషాలకో కొలత, రోజుకు 144. రైతు షెడ్డులో పురుగులు ఇరవై రోజులుంటాయనుకుంటే 2,880 కొలతలు. ఒక్కోదానికి టైముకు నాలుగు, వేడికి రెండు, తేమకు రెండు, మొత్తం ఎనిమిది బైట్లు. ఒక పంట చరిత్రంతా 23,040 బైట్లలో ఇమిడిపోతుంది. ఫోనుతో తీసిన ఒక్క ఫోటో దీనికి వంద రెట్లు ఉంటుంది. ఆ చరిత్రను సాంకేతిక సలహాదారు ముందు తెరిస్తే, రోగం వచ్చిన పంటలో ఏ రాత్రి తేమ ఎన్ని గంటలు ఎక్కువగా ఉందో చూసి మాట్లాడవచ్చు. ఈ చిన్న పరికరం ఇవ్వగల అతి పెద్ద మేలు ఇదేనని నమ్ముతాను. ఫ్యాను వేయడం థర్మోస్టాట్ కూడా చేస్తుంది.

బీఎల్‌ఈ గోడలు దాటి పది, ఇరవై మీటర్లు పోతే గొప్ప. పెనుకొండ వైపు పొలాల్లో బోరు మోటారు ఇంటికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే ఈ నేలలో బోరే దిక్కు. కరెంటు వచ్చినప్పుడే తడి పెట్టుకోవాలి. రాత్రిపూట పాముల భయంతో చేను గట్ల మీద నడిచి మోటారు వేసిన తరాలవి. అక్కడ ఫోను, మైక్రోకంట్రోలర్ కలిసి పని చేయడం ఎప్పుడో మొదలైంది, స్మార్ట్‌ఫోను రాకముందే. పుణేకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ నానో గణేశ్ పేరుతోనూ, బెంగళూరు సంస్థ విన్‌ఫినెట్ కిసాన్ రాజా పేరుతోనూ తెచ్చిన పరికరాలు మోటారు పెట్టెలో ఒక సిమ్ కార్డు పెట్టాయి. రైతు ఆ నంబరుకు ఫోను చేసి అంకె నొక్కితే మోటారు నడుస్తుంది. ఫోనులో అంకె నొక్కినప్పుడు వినిపించే కూత నిజానికి రెండు స్వరాల కలయిక. 5 నొక్కితే 770, 1336 హెర్ట్జ్ రెండూ కలిసి మోగుతాయి. అవతల ఒక చిన్న చిప్పు ఆ జంటను గుర్తుపట్టి మైక్రోకంట్రోలర్‌కు అంకె చెబుతుంది. యాప్ లేదు, ఇంటర్నెట్ లేదు, చదువు రాకపోయినా వాడొచ్చు. రైతులు మొబైల్ స్టార్టర్ అని పిలిచే ఈ పెట్టెలోనూ పైన చెప్పిన నియమమే నడుస్తుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, బోరులో నీళ్లు తగ్గి మోటారు ఎండుగా తిరిగినా, ఆపాల్సిన నిర్ణయం పెట్టెదే, ఫోను కోసం ఎదురుచూడకూడదు.

ఇలాంటి పెట్టె సొంతంగా కట్టాలనుకునేవాళ్లకు రెండు హెచ్చరికలు. చవకగా దొరికే సిమ్800 మాడ్యూలు 2జీ మాత్రమే తెలిసినది. జియోకు 2జీ నెట్‌వర్కు లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పని చేయదు. రెండోది, టవరుతో మాట్లాడేటప్పుడు ఆ మాడ్యూలు క్షణకాలం రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. బలహీనమైన విద్యుత్ సరఫరా ఇస్తే సరిగ్గా మాట్లాడబోయే సమయంలో ఆగి మళ్లీ మొదలవుతుంది. ప్రోగ్రాంలో ఎంత వెతికినా ఆ లోపం దొరకదు. టవరు సిగ్నలే అందని కొండ వెనుక చేలకు లోరా అనే మరో రేడియో ఉంది, మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే పట్టీలో లైసెన్సు లేకుండా వాడొచ్చు. వేగం తక్కువ, దూరం ఎక్కువ. ఫోనులో లోరా ఉండదు కనుక ఇంటి దగ్గర ఒక బోర్డు బీఎల్‌ఈతో ఫోను మాట విని, లోరాతో చేనుకు చేరవేస్తుంది.

అదే పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ మొదట తయారైన సెల్టోస్‌లోనే ఫోను యాప్‌తో ఏసీ వేసే ఏర్పాటు వచ్చింది. కారులో పదుల కొద్దీ మైక్రోకంట్రోలర్లు ఉంటాయి. యాప్ మాట కంపెనీ సర్వరుకు వెళ్లి, కారులోని సిమ్ ద్వారా వాటికి చేరుతుంది. ఎంత దూరం నుంచైనా పని చేస్తుంది, కానీ సర్వరు నడిచినంత కాలమే.

పట్టుచీరలు నేసే ధర్మవరానికి వస్తే సమస్య మారుతుంది. ఇక్కడ దూరం లేదు, సమాచారం ఎక్కువ. పట్టుచీర అంచులో, కొంగులో బొమ్మ పడాలంటే ఒక్కో పేకకు ఏ పడుగు పోగులు పైకి లేవాలో జాకార్డుకు చెప్పాలి. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జాకార్డ్ చూపిన పద్ధతిలో అట్ట మీద రంధ్రాలు ఆ మాట చెబుతాయి. రంధ్రం ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఎలక్ట్రానిక్ జాకార్డులో అట్టల బదులు విద్యుదయస్కాంతాలు, వాటిని నడిపే మైక్రోకంట్రోలర్ ఉంటాయి. 240 కొక్కేల జాకార్డుకు ఒక పేక అంటే 240 అవును-కాదులు, అంటే 30 బైట్లు. బీఎల్‌ఈలో ఏ ఒప్పందమూ చేసుకోకపోతే ఒక్కసారికి పంపగలిగింది 20 బైట్లే. ఒక్క అట్ట కూడా ఒక పొట్లంలో పట్టదు. వెయ్యి అట్టల డిజైనుకు 30,000 బైట్లు, 1,500 పొట్లాలు. కలవగానే పొట్లం పరిమాణం పెంచమని అడిగితే, బోర్డు ఒప్పుకుంటే, ఒక్కోదానిలో 244 బైట్లు పోతాయి. అప్పుడు 123 పొట్లాలు చాలు.

నేస్తూ ఉండగా ఫోను నుంచి ఒక్కో వరుసా పంపించుకుందామనే ఆలోచన వస్తుంది. అది వద్దు. నేత మధ్యలో ఫోనుకు కాల్ రావచ్చు, పిల్లలు తీసుకెళ్లవచ్చు. ఒక పేక తప్పు పడితే దాన్ని విప్పడం ఎంత కష్టమో మగ్గం ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు. డిజైను మొత్తం ముందే మగ్గంలోకి చేరాలి. చేరాక బోర్డు ఆ ముప్పై వేల బైట్ల నుంచి లెక్కగట్టిన ఒక తనిఖీ సంఖ్యను తిరిగి చెప్పాలి. ఫోను లెక్కతో అది సరిపోతేనే పాత డిజైను తీసి కొత్తది పెట్టాలి. సరిపోకపోతే పాతదే ఉండాలి, సగం సగం ఎన్నడూ కాకూడదు. మగ్గం పక్కింటి ఫోనుకు లొంగకుండా, మొదటిసారి కలిసేటప్పుడు బోర్డు తెర మీద కనిపించే ఆరంకెల సంఖ్యను ఫోనులో కొట్టే ఏర్పాటు ఉండాలి. షెడ్డుకైనా, మోటారుకైనా ఇదే రక్షణ కావాలి.

కరెంటు పోయినప్పుడు ఎన్నో పేక దగ్గర ఆగిందో బోర్డుకు గుర్తుండాలి. ఫ్లాష్ మెమరీలో ఒకేచోట మళ్లీ మళ్లీ చెరిపి రాస్తే లక్ష సార్ల దగ్గర అది అరిగిపోతుంది, నేతలో లక్ష పేకలు త్వరగానే గడుస్తాయి. అందువల్ల రాసే చోటును జరుపుతూ పోవాలి, లేదా అరగని రకం మెమరీ చిప్పు విడిగా పెట్టాలి. కరెంటు వచ్చాక మగ్గం తనంతట తాను మొదలుకాకూడదు. ఆగిన పేక సంఖ్యను, ఆ వరుస బొమ్మను ఫోనులో చూపించాలి. చివరి పేక నిజంగా పడిందా, నాడె సగంలో ఆగిందా అన్నది బోర్డుకు తెలియదు, గుడ్డ చూసిన నేతగాడికే తెలుసు. ఒక వరుస వెనక్కో ముందుకో జరుపుకుని, ఆయన సరే అన్నాకే విద్యుదయస్కాంతాలు కదలాలి.